పుర్రచేతి పువ్వులు

మా పాస్టరు శాంతికుమార్‌గారికి నేను తేరగా దొరికాను. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, రెండు గదుల పెంకుటిల్లు ఉంది, అందులో ఒక గది ఖాళీ. ఇంకేం కావాలి? ఒక ఆదివారం ఆరాధన అయిపోయి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఆయన వచ్చి, "సంపూర్ణమ్మగారూ, క్రిస్మస్ దాకా ఒక పిల్లని మీ ఇంట్లో ఉంచుకుంటారా అండి?" అన్నారు. అడగడం అప్పుడే గానీ, పిల్ల అప్పటికే ఆయన వెనకాల నిలబడి ఉంది. కాదంటే ఆ పిల్ల మొహమ్మీదే కాదనాలి. పాస్టర్లకి ఈ తెలివితేటలు ఎక్కడ నేర్పుతారో నాకు తెలీదు.

అది తొంభయ్యారు నవంబరు తుఫాను వెళ్ళిన కొత్త. ఏటికి ఇవతల, మా నరసాపురం వైపు, కొబ్బరిచెట్లు పడ్డాయి, చేలు నీళ్ళలో కుళ్ళాయి, పైకప్పులు లేచాయి గానీ ప్రాణాలు మిగిలాయి. అవతల కోనసీమని మాత్రం ఊడ్చిపెట్టేసింది. ఏటిమీద జనాన్ని దాటించే పంటు మళ్ళీ నడవడం మొదలెట్టాక, ఎవరూ మిగలని పిల్లల్ని కొందరిని మా చర్చివాళ్ళు ఏరు దాటించి తీసుకొచ్చారు. పండగ అయ్యాక వాళ్ళని కాకినాడలో ఒక హాస్టలుకి పంపించేస్తారు. ఈలోగా అయినవాళ్ళెవరైనా దొరికితే వాళ్ళకి అప్పగిస్తారు. అదీ ఏర్పాటు.

నాకు ఓపిక లేదు. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను మహాతల్లి అనుకోవద్దు. మోకాళ్ళు పట్టేశాయి, కళ్ళు మసకేస్తున్నాయి, పొద్దున లేచి పొయ్యి వెలిగించడమే ఒక పెద్ద పని. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఈ పిల్లొకటి.

పిల్ల పేరు హారతి. తొమ్మిదో పదో ఉంటాయి. చర్చిలో ఆ పేరు చెప్పగానే ఇద్దరు ముగ్గురు దగ్గారు. పాస్టరమ్మగారు 'కృపారాణి అని పిలుద్దామా' అని మెల్లిగా అన్నారు. "ఉన్నవన్నీ కొట్టుకుపోయాయి, పేరొక్కటీ మిగిలింది. అదీ మనం లాక్కోవాలా అండి?" అన్నాను. నాకు ముక్కుమీద కోపమని ఊరందరికీ తెలుసు కాబట్టి ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు.

పిల్ల మాత్రం ఇంట్లో ఉన్నట్టే ఉండేది కాదు. పెట్టింది తినేది, గిన్నె కడిగి బోర్లించేది, గోడవారగా కూర్చునేది. "ఏమే, మాట్లాడవేం?" అంటే "ఏం లేదండి" అనేది. పొద్దస్తమానం ఆ "అండి" వినలేక నాకు విసుగొచ్చేది. అరవాలనిపించేది, అరిచేదాన్ని కూడా. అరిస్తే ఇంకా చిన్నదైపోయి మూలకి జరిగేది. అప్పుడు నామీద నాకే కోపమొచ్చేది.

నా పని లేసు. మా వైపు ఆడవాళ్ళ చేతుల్లో లేసుసూది లేకుండా ఉండదు. ఇందులో రెండు రకాలు. ఇళ్ళల్లో కూర్చుని దారంతో పువ్వులు, ఆకులు అల్లేది చేతిపని. ఊరూరి నుంచీ వచ్చిన ఆ పువ్వులన్నీ ఒకచోట పోసుకుని, ఒకదాన్నొకటి కలిపి కుట్టి, బల్లమీద పరిచే పెద్ద గుడ్డ చేసేది అతుకుపని. నాది అతుకుపని. పువ్వు ఎవరు అల్లారో మాకు తెలీదు, వాళ్ళ పువ్వు ఎవరు అతికారో వాళ్ళకి తెలీదు. మధ్యలో ఏజెంటు ఉంటాడు. వాడు తెలియనివ్వడు. తెలిస్తే వీళ్ళూ వీళ్ళూ ఒకటై తనని తీసి పక్కన పెడతారని వాడి భయం.

వాడు తెచ్చే పువ్వుల మూటల్లో ఏళ్ళ తరబడి నన్ను చంపుకు తింటున్న పువ్వులు కొన్ని ఉండేవి. మామూలు పువ్వుకి రేకులు కుడివైపు వాలతాయి. ఇవి ఎడమవైపు వాలేవి. చూడ్డానికి అందంగానే ఉండేవి, పని కూడా గట్టిది, కానీ మామూలు పువ్వు పక్కన దీన్ని అతికితే రెండూ చెరోవైపు లాగి, ఒక్కసారి ఉతికేసరికి గుడ్డ మెలి తిరిగిపోతుంది. "ఎవత్తో ఈ పుర్రచేతిది, నా ప్రాణానికి దాపురించింది" అని తిట్టుకుంటూ వాటిని ఏరి ఒక తాటాకు బుట్టలో పడేసేదాన్ని. బుట్ట నిండాక వాటిని వాటితోనే అతికి ఒక గుడ్డ చేసేదాన్ని. ఎడమది ఎడమదాని పక్కన చక్కగా ఒదిగేది. దేశాలు దాటి వెళ్ళే గుడ్డ, కొనుక్కున్న దొరలకి కుడేంటి, ఎడమేంటి?

ఒక పొద్దున మూట విప్పి పువ్వులు ఏరుతున్నాను. పిల్ల వచ్చి బుట్ట దగ్గర కూర్చుంది. ఒక పువ్వు తీసి అరచేతిలో పెట్టుకుంది. వచ్చాక తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అదే.

"ఇవి మా అమ్మవండి."

"ఏవి? అవా? ఎవరో ఇచ్చినవే అవి. అక్కడ పెట్టు, మాసిపోతాయి."

అది పెట్టలేదు. గౌను జేబులోంచి ఒక చిన్న గుడ్డ పొట్లం తీసి విప్పింది. అందులో సగం అల్లిన పువ్వు ఉంది. సూది ఇంకా దానికే ఉంది, తుప్పు పట్టి. దారం ఉప్పునీటికి పచ్చబడింది. ఉన్న నాలుగు రేకులూ ఎడమవైపే వాలి ఉన్నాయి.

తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. వాళ్ళది అవతల లంకలో ఊరు. నాన్న కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. అమ్మ లేసు అల్లేది. తుఫాను రోజున జనమంతా స్కూలు డాబా మీదకి పరుగెడుతుంటే, అమ్మ పిల్లని పక్కింటివాళ్ళతో పంపింది. చేతిలో ఉన్న పువ్వుని సూదితో సహా దీని చేతిలో పెట్టి, "ఇది పట్టుకెళ్ళు. మూట తడిస్తే ఏజెంటు ఊరుకోడు, అది తీసుకుని వచ్చేత్తాను" అంది. నాన్న ఆవిణ్ణి తీసుకురావడానికి వెనకాలే వెళ్ళాడు.

నేను దారమూ, సూదీ కింద పెట్టేశాను.

"ఈ పువ్వులు ఎప్పుడు వచ్చాయండి?" అంది.

"నిన్నటి మూటలోవే."

దాని మొహంలోకి ఒక ఆశ వచ్చి, మళ్ళీ వెళ్ళిపోవడం నేను చూశాను. "అమ్మవి కాదండి, అయితే. అమ్మని నాకు చూపించారండి, తర్వాత." పువ్వుని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మమ్మవండి" అంది.

"మీ అమ్మమ్మ ఉందా?"

"ఉందండి. ఏటికి ఇవతల ఉందని అమ్మ చెప్పేదండి. అమ్మకి లేసు నేర్పింది అమ్మమ్మేనండి. అమ్మ నాన్నతో వెళ్ళిపోయిందని కోపమండి, మాట్లాడదండి."

"ఏ ఊరు?"

"తెలీదండి. అడిగితే అమ్మకి ఏడుపొచ్చేదండి."

"అమ్మమ్మ పేరేంటి?"

"అమ్మమ్మేనండి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మీ అమ్మ పుర్రచేతి వాటమా?" అని అడిగాను. కాదంది. అన్నం తిన్నా, ముగ్గేసినా, వీపు మీద ఒకటిచ్చినా కుడిచేత్తోనేనట. సూది ఒక్కటే ఎడంచేత్తో పట్టుకునేదట. తనూ అంతేనట. చిన్నపిల్ల, సరిగ్గా గుర్తులేక చెబుతోందనుకున్నాను.

కానీ ఆ రోజు నుంచి పిల్ల మారిపోయింది. పొద్దున్నే లేచి జడ వేయమనేది. 'ఎప్పుడెళదామండి' అని నా చుట్టూ తిరిగేది. ఇలాంటి పువ్వులు అల్లే మనిషి ప్రపంచంలో తన అమ్మమ్మ ఒక్కతే అని దాని నమ్మకం. నాకూ అలాగే అనిపించింది. ఇన్నేళ్ళలో అలాంటి పని ఇంకెక్కడా చూడలేదు మరి. పైగా, నిజం చెప్పొద్దూ, ఆ ముసలిది దొరికితే పిల్లని అప్పగించేసి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చని నా ఆశ నాది.

మా ఏజెంటు గంగరాజు లూనా మీద వచ్చాడు, కుట్టిన సరుకు కోసం. మనిషి చెడ్డవాడు కాదు. మాటకి ముందు "ఆయ్" అంటాడు, మాట తర్వాత మాయమైపోతాడు. నేను చేతులు కట్టుకుని అరుగుమీద కూర్చున్నాను.

"ఈ ఎడమ పువ్వులు ఎక్కణ్ణించి తెస్తున్నావు?"

"ఆయ్, అది అడక్కూడదండి, సంపూర్ణమ్మగారూ."

"ఎందుకడక్కూడదు?"

"మీరూ వాళ్ళూ సూటిగా మాట్లాడేసుకుంటే మరి నా గతేంటండి?"

"అయితే ఇదిగో సూది. అతుకులన్నీ నువ్వే వేసుకో. నీ సరుకు ఓడెక్కేలోపల అవుతుందేమో చూద్దాం."

సూది వాడి చేతికిచ్చాను. దాన్ని తేలుని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారండి, ఇలాగైతే ఎలాగండి" అని గొణిగాడు. పిల్ల గుమ్మంలో నిలబడి వాడినే చూస్తోంది, రెప్ప వేయకుండా. దాన్ని చూసి "ఎవరండి?" అన్నాడు. చెప్పాను. వాడు లూనా స్టాండు వేసి వచ్చి అరుగు చివర కూలబడ్డాడు.

"ఇవతల మొగలిదిబ్బ అనే ఊరి పక్కన పేట ఉందండి. అక్కణ్ణించి వస్తాయండి. అవతల లంకలోంచి కూడా ఒకావిడ మూట వచ్చేదండి, అచ్చం ఇలాంటివే. పంటు మీద పనిచేసే మనిషి తెచ్చిచ్చేవాడండి. తుఫాను తర్వాత రావట్లేదండి." అంటూ అంటూనే పిల్ల వైపు చూసి మాట మింగేశాడు.

"మూట తడిసిపోయిందండి" అంది పిల్ల.

గంగరాజు లేచాడు. వెళ్తూ వెళ్తూ కూడా అలవాటు వదులుకోలేక, "బేరాలు పెట్టుకోనని బైబిలు మీద ఒట్టేయండి" అన్నాడు. ఒట్టు వేయొద్దని రాసి ఉన్నదే ఆ బైబిల్లో అని చెప్పి పంపించాను.

శనివారం బయల్దేరాం. బస్సు మొగలిదిబ్బ దాకా వెళ్ళదు. మధ్యలో దిగి కాలవగట్టు పట్టుకుని నడవాలి. దిగిన చోట పిల్ల నా కొంగు లాగి, "అమ్మమ్మ దగ్గరికి వట్టి చేతుల్తో వెళ్ళకూడదు గదండి" అంది. అరటిపళ్ళ అత్తెం ఒకటి కొన్నాను. తానే మోస్తానని పట్టుకుంది. గట్టుకి ఒక పక్క కుళ్ళిన వరి వాసన, ఇంకో పక్క రొయ్యల చెరువులు. ఒకప్పుడు అవన్నీ చేలే. నా మోకాళ్ళు అడుగడుక్కీ నన్ను తిడుతున్నాయి. పిల్ల ముందు పరుగెత్తి, మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ పరుగెత్తింది.

"అమ్మమ్మ నన్ను గుర్తుపడుతుందా అండి?"

"నిన్నెప్పుడు చూసిందే, గుర్తుపట్టడానికి?"

"పువ్వుని గుర్తుపడుతుంది గదండి."

పేట మొదట్లోనే నాకు కాళ్ళు ఆగిపోయాయి. ఎండలో ఒక గుడిసె ముందు ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని లేసు అల్లుతున్నారు. ఇద్దరి చేతుల్లోనూ సూది ఎడంచేతిలో ఉంది. పక్క గుమ్మంలో ఒక కోడలుపిల్ల. ఎడంచెయ్యే. ఆ అవతల చింతచెట్టు నీడన నలుగురైదుగురు. అందరూ అంతే. పేట పేటంతా ఎడంచేతి పువ్వులే.

మేము ఏ గుర్తు పట్టుకుని వచ్చామో అది గుర్తే కాదు. ఊరందరికీ ఒకటే గుర్తయితే అందులో మనిషిని ఎలా వెతుక్కుంటాం? పిల్లకి అదింకా అర్థం కాలేదు. అందరి చేతుల్నీ మార్చి మార్చి చూసి, "అందరూ మా అమ్మమ్మలేనా అండి?" అంది సంతోషంగా. దాని మొహం చూడలేక నేను కాలవ వైపు తిరిగాను.

చింతచెట్టు కింద ఉన్న పెద్దావిడ మమ్మల్ని పిలిచి చాప వేసింది. పేరు పాపాయి. "మీరందరూ పుట్టుకతోనే పుర్రచేతివాళ్ళా ఏంటమ్మా?" అని అడిగేశాను. నా నోరు అలాంటిది. వాళ్ళందరూ నవ్వారు.

"పుర్రచెయ్యా పాడా! మాకెవరు నేర్పుతారమ్మగారూ, కూకోబెట్టి?" అంది పాపాయి. "మా చిన్నప్పుడు పెద్దింటి అమ్మగారు అరుగుమీద కూకుని కుట్టుకునేవోరు. మేం పాలేళ్ళ పిల్లలం. పనయ్యాక కింద వాకిట్లో ఎదురుగా కూకుని చూసేవోళ్ళం. అరుగెక్కి పక్కన కూకోనిత్తారా మమ్మల్ని? ఆవిడ కుడిచెయ్యి మాకు ఎడంచేతి వైపు కనపడేది. అలాగే పట్టుకున్నాం. అదే అలవాటైపోయింది. మా పిల్లలకీ అదే వచ్చింది."

మా అమ్మ లేసు నేర్చుకున్నది మిషను బడిలో, దొరసాని పక్కన, బెంచీమీద కూర్చుని. అందుకని నా పువ్వు కుడివైపు వాలుతుంది. ఇంతే తేడా. ఇన్నేళ్ళూ వీళ్ళని పుర్రచేతివాళ్ళని తిట్టుకుంటూ వచ్చాను. ఆ అరుగు ఎక్కడుందో చూపిస్తే వెళ్ళి నాలుగు దులిపేద్దామన్నంత కోపం వచ్చింది. పెద్దింటి అమ్మగారు పోయి చాలా కాలమైందట. ఎవర్ని దులుపుతాను?

పిల్ల ఈలోగా పొట్లం విప్పి, సగం పువ్వు తీసి పాపాయి చేతిలో పెట్టింది. "మా అమ్మదండి. మా అమ్మ పేరు ఎస్తేరండి."

పాపాయి పువ్వు చూడలేదు. పిల్ల గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "ఎస్తేరు కూతురివా? ఓ నా తల్లీ! ఇది అచ్చం సుందరమ్మ ముక్కేనమ్మా" అని పక్కనున్న వాళ్ళకి చూపించింది. అందరూ సూదులు పక్కన పెట్టి దగ్గరికి జరిగారు.

"సుందరమ్మంటే అమ్మమ్మా అండి? ఎక్కడుందండి?"

ఒకరిద్దరు తలలు దించుకుని, పక్కన పెట్టిన సూదులు వెతుక్కున్నారు. ఆ పళ్ళ అత్తెం ఇంకా దాని చేతిలోనే ఉంది. చివరికి పాపాయే చెప్పింది. "మొన్న ఎండాకాలం పోయిందమ్మా. కోపం ఎప్పుడో పోయింది దానికి. కబురంపుదామంటే మీరేవూళ్ళో ఉన్నారో తెలవదాయె. గట్టుమీద ఎవరు కొత్తోళ్ళు కనపడినా, 'అవతలోళ్ళా అయ్యా, మా ఎస్తేరు ఎరికేనా' అని అడిగేది."

పిల్ల ఏడవలేదు. "అమ్మమ్మ ఇల్లు చూస్తానండి" అంది. పాపాయి మమ్మల్ని పేట వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ ఇల్లు లేదు. గట్టు నుంచి గట్టు దాకా నీళ్ళు, మధ్యలో నురగలు చిమ్ముతూ ఇనప తెడ్లు తిరుగుతున్నాయి.

"అదిగో, ఆ తెడ్లు తిరిగే చోటమ్మా" అంది పాపాయి.

పిల్ల ఆ నీళ్ళవైపు చూసి, నా చెయ్యి పట్టుకుంది. వచ్చిన దగ్గర్నుంచీ తనంతట తాను నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. "ఇక్కడికీ తుఫాను వచ్చిందా అండి?"

"లేదమ్మా" అంది పాపాయి. "రొయ్యలొచ్చాయి."

తిరిగి వచ్చేటప్పుడు పాపాయి నన్ను పక్కకి పిలిచింది. "మాలో పిల్ల. ఉంచేసి ఎల్లండమ్మగారూ. ఇంటికో ముద్ద పెడతాం" అంది. అంటూ అంటూనే వెనక్కి తిరిగి తన గుడిసె వైపు చూసుకుంది. అందులో కొడుకు, కోడలు, వాళ్ళ పిల్లలు, తుఫానుకి ఒరిగిపోయిన రాట. ఉన్న పిల్లలకే చాలినంత ముద్ద ఆ ఇంట్లో లేదని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. అయినా అడిగింది చూడండి, ఆ మాటకి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. "వద్దులే పాపాయమ్మా. హాస్టలు ఉంది, చదువుకుంటుంది" అన్నాను. పిల్ల పళ్ళ అత్తెం ఆవిడ ఒళ్ళో పెట్టి వచ్చేసింది.

బస్సు కోసం కాలవ వంతెన మీద కూర్చున్నాం. నాకు ఒళ్ళు హూనమైపోయింది. ఇంటికెళ్ళి పడుకుంటే ఇక లేవకూడదనిపించింది. తుఫానంటే దేవుడి పని అనుకోవచ్చు. ఈ అరుగులూ, ఈ చెరువులూ, ఒకే ఏటికి అటొకరూ ఇటొకరూ ఉండి కబురు అందక చచ్చిపోవడమూ ఎవరి పని? అడిగి ప్రయోజనం లేదు. బస్సే రాలేదు.

"మామ్మగారండి."

"ఏంటి?"

"బుట్టలో ఏరినవన్నీ మీరు కలిపి కుట్టేస్తారు గదండి."

"ఆఁ, కుడితే ఏం?"

"అమ్మ పువ్వులూ ఆ బుట్టలోకే వచ్చేవి గదండి. ఏజెంటుగారు చెప్పారు గదండి, లంకలోంచి మూట వచ్చేదని."

నేను దాని వైపు తిరిగాను. ఆ మాట నేనూ విన్నాను, నా బుర్రకి అందలేదు.

"అమ్మమ్మవీ వచ్చేవి గదండి. అయితే అమ్మ పువ్వూ, అమ్మమ్మ పువ్వూ మీరు పక్కపక్కనే కుట్టారా అండి?"

ఎన్ని గుడ్డలు అతికానో! తిట్టుకుంటూ, విసుక్కుంటూ, మిగతావాటితో కలవవని ఏరి పక్కన పడేసి, వాటిని వాటితోనే కలిపి. కూతురు పువ్వుకి తల్లి పువ్వు చక్కగా ఒదిగిపోయేది. మాటలు లేని ఆ ఇద్దరూ ఏళ్ళ తరబడి నా ఒళ్ళోనే కలుసుకుంటూ వచ్చారు. వాళ్ళకి తెలీదు, నాకూ తెలీదు.

"కుట్టానే" అన్నాను. "గట్టిగా కుట్టాను. ఎన్నిసార్లు ఉతికినా ఊడిరాదు."

అప్పుడు ఏడ్చింది. నా ఒళ్ళో తల పెట్టి, వంతెన మీద వెళ్ళేవాళ్ళందరూ ఆగి చూసేలా ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు. నేనూ ఏడ్చాను. బస్సు వచ్చి, హారను కొట్టి, మేము లేవకపోయేసరికి వెళ్ళిపోయింది.

పండగ వెళ్ళిన మర్నాడు చర్చి ముందు జీపు ఆగింది. పిల్లలందరూ మూటలతో వచ్చారు. నేనూ హారతిని తీసుకుని వెళ్ళాను. దానికి తల దువ్వి, పండక్కి కుట్టించిన గౌను వేశాను. మూట మాత్రం కట్టలేదు. అది దారంతా నా కొంగు పట్టుకునే నడిచింది. హాస్టల్లో లేసు కుట్టుకోనిస్తారా అని ముందురోజు అడిగింది, నేను జవాబు చెప్పలేదు.

పాస్టరుగారు ఎదురొచ్చారు. "ఏవండీ, అయినవాళ్ళెవరైనా దొరికారా అండి?"

"దొరికారండి."

"దేవునికి స్తోత్రం! ఎవరండి?"

"నేనండి. దీని అమ్మమ్మని."

ఆయన నన్నూ, పిల్లనీ, మళ్ళీ నన్నూ చూశారు. "అమ్మా, మీకు పిల్లలు లేరు గదండి" అన్నారు మెత్తగా. వెనకాల ఎవరో "ఆలూ లేదు చూలూ లేదు..." అని సామెత ఎత్తుకుని, నేను తిరిగి చూసేసరికి మిగతాది మింగేశారు.

"పిల్లలు లేనిదానికి మనవరాలు ఉండకూడదని ఎక్కడైనా రాసి ఉందా అండి?" అన్నాను. "దీని తల్లినీ, అమ్మమ్మనీ కలిపి కుట్టింది నేను. దీన్నొక్కదాన్నీ తెంపి కాకినాడ పంపమంటే నా వల్ల కాదు. నాకు ఓపిక లేదు, నిజమే. లేకపోతే లేదు. మీరు నా దగ్గర దింపినప్పుడు మాత్రం ఉందా ఏంటి?"

పాస్టరుగారు హారతి తలమీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఆయన ప్రార్థన అయ్యేదాకా నిలబడలేక నేను గోడకి ఆనుకున్నాను. జీపు మిగతా పిల్లలతో వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మంచమ్మీద కూలబడ్డాను. మూట విప్పాలి, గంగరాజు మళ్ళీ వస్తాడు. సూదిలో దారం ఎక్కించుకుంటుంటే పిల్ల తన పొట్లం తెచ్చుకుంది. ఇన్నాళ్ళూ ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ సగం పువ్వు బయటికి తీసింది. సూదికి పట్టిన తుప్పు గౌనుకి రుద్ది, గచ్చుమీద నాకు ఎదురుగా కూర్చుని, ఎడంచేత్తో ఒక ముడి వేసింది. వాళ్ళమ్మ ఆపిన చోటే మొదలుపెట్టింది. నావైపు చూసింది, సరిగ్గా వచ్చిందా అన్నట్టు.

"అక్కడెందుకే ఆ నేలమీద" అన్నాను. "పైకి రా. పక్కన కూర్చో."

అది కదల్లేదు. "పక్కన కూర్చుంటే చెయ్యి మారిపోతుందేమో, అమ్మమ్మా."

అండి అనలేదు. నేను విననట్టే ఊరుకుని, దుప్పటి కొంచెం లాగి చోటు చేశాను.

"మారదులే. రా."

లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. దాని ఎడంమోచెయ్యి మాటిమాటికీ నాకు తగులుతూనే ఉంది. నేను కొంచెం అటు జరిగి, అతుకు వేసుకోవడం మొదలుపెట్టాను.